'మర్చిపోరా' అని నాలుగున్నర నెలలుగా చెబుతూనే ఉన్నాం. తమ్ముడిని ఎవరికి చూపించాలి?

ఖమ్మం_అక్క | మార్చి 28, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా తమ్ముడికి 24 ఏళ్లు. కార్తీక మాసంలో ఒక పెళ్లికి వెళ్లి, వాడూ వాడి స్నేహితుడూ రాత్రి పదకొండింటికి బండి మీద తిరిగొస్తున్నారు. ఎవరో రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, పైన నల్ల పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. ఎదురుగా లారీ లైట్లు. బండి రాయి మీదికి ఎక్కి పడిపోయింది. తమ్ముడికి హెల్మెట్ ఉంది, భుజం ఎముక విరిగింది. వెనక కూర్చున్న అబ్బాయి బతకలేదు. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. 108 వచ్చేదాకా ఆ పిల్లాడి తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడట.

భుజం రెండు నెలల్లో అతుక్కుంది. మనిషే మునుపటిలా లేడు. లైటు ఆర్పితే పడుకోడు. పదకొండు అయ్యేసరికి లేచి కూర్చుంటాడు. వీధిలో ట్రాక్టర్ చప్పుడైతే ఉలిక్కిపడతాడు. ఆ అబ్బాయి ఇల్లు మా వెనక వీధిలోనే ఉంది, అటు వెళ్లాల్సి వస్తుందని చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి వస్తాడు. మొన్న అమ్మ మిల్లుకి పంపడానికి గుమ్మిలోంచి వడ్లు తీస్తుంటే, ఆ వాసనకి పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అరగంట దాకా ఆగలేదు.

జడుసుకున్నాడని దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించాం. ఊళ్లో ఆర్ఎంపీ నిద్ర మాత్రలు ఇచ్చాడు. మిగతాదంతా ఒకటే మాట: 'అయిందేదో అయింది, మర్చిపో.' నేనూ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అదే చెప్పాను.

ఇంకో పది రోజుల్లో యాసంగి కోతలు మొదలవుతాయి. ఊళ్లో ఏ రోడ్డు చూసినా వడ్లే. నాకు భయంగా ఉంది. ఇది జబ్బా? ఎవరికి చూపించాలి? 'పిచ్చి డాక్టర్' అని వినబడితే వాడు ఇంట్లోంచి కదలడు.

రాత్రి_డ్యూటీ | మార్చి 29, ఉదయం 6:20

అక్కా, నేను ఒక జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుని. డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నాను.

మీరు రాసినవన్నీ పీటీఎస్‌డీ లక్షణాల్లాగే ఉన్నాయి. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పెద్ద ఘోరం వల్ల మనసుకి తగిలిన దెబ్బ (ట్రామా) మానకుండా ఉండిపోవడం. నిర్ధారించాల్సింది డాక్టరే అనుకోండి. పెద్ద ఘోరం చూశాక మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం చాలామందికి ఉంటాయి, చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకుండా మనిషిని పనికీ తిండికీ దూరం చేస్తుంటే చికిత్స కావాలి. మీవాడికి నాలుగున్నర నెలలు.

ముందు మూడు సంగతులు చెప్పండి. ఆ మాత్ర పేరేంటి? తాగుడు అలవాటైందా? చచ్చిపోవడం గురించి ఎప్పుడైనా మాట్లాడాడా?

ఖమ్మం_అక్క | మార్చి 29, ఉదయం 9:05

అమ్మతో ఫోటో తీయించాను. ఆల్ప్రజోలామ్ 0.5. ఫిబ్రవరి నుంచి రోజూ వేసుకుంటున్నాడు. తాగుడు కూడా సంక్రాంతి తర్వాత మొదలైంది, రాత్రి ఒక క్వార్టర్. ఆ మూడోది... ఒకసారి అన్నాడు. 'వాడితో పాటు నేనూ పోవాల్సింది అక్కా' అని. నేను కోప్పడి ఫోన్ పెట్టేశాను. అది గుర్తొస్తే ఇప్పుడు ఏడుపొస్తోంది.

రాత్రి_డ్యూటీ | మార్చి 29, మధ్యాహ్నం 2:40

ఏడవకండి. ఈ రోజే చేయాల్సినవి చెబుతాను.

ఆ మాట మళ్లీ వస్తుందేమో అని ఎదురుచూడొద్దు, మీరే అడగండి. 'నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని సూటిగా. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు, అలా జరగదు. అడిగినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, వార్డులో రోజూ చూస్తాను. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అత్యవసరమైతే 108 గానీ 112 గానీ.

రెండోది. మీది వ్యవసాయం ఇల్లు. పురుగుమందు డబ్బాలు కొట్టంలో ఉంటే నాన్నగారితో చెప్పి ఇవాళే వేరే చోట తాళం వేయించండి. మీ తమ్ముడి ముందు పెద్ద విషయం చేయకుండా చేయండి. మా వార్డుకి వచ్చే వాళ్లలో అప్పటికప్పుడు చేతికి అందింది కదా అని తాగినవాళ్లే ఎక్కువ.

మూడోది ఆ మాత్ర. ఆల్ప్రజోలామ్ జాతి మందులు పీటీఎస్‌డీని నయం చేయవు, చికిత్సా మార్గదర్శకాలు వాటిని వద్దనే చెబుతాయి. అలవాటు పడతారు, తాగుడుతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. అలాగని రేపటి నుంచి ఆపించకండి! రోజూ వేసుకునేది ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. సైకియాట్రిస్టే, అంటే మనసు జబ్బులకి మందులు రాసే డాక్టరే, మెల్లగా తగ్గిస్తారు.

మీరు అక్కడికి చేరేలోపు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. మీ దగ్గర్లో ఏ ఓపీకి వెళ్లాలో వాళ్లు చెబుతారు.

నమ్మకం | మార్చి 29, సాయంత్రం 5:15

అమ్మా, నాకు 60 ఏళ్లు. మా ఆయన పోయినప్పుడు నేను హనుమాన్ చాలీసా చదువుకునే నిలబడ్డాను. మందులకి అలవాటు చేస్తే జీవితాంతం మింగాలి. పిల్లాడిని ఒక మండలం రోజులు గుడికి తీసుకెళ్లండి, మనసు కుదుటపడుతుంది. పెళ్లి కావాల్సిన పిల్లాడు, ఆసుపత్రి ముద్ర పడితే రేపు ఎవరిస్తారు పిల్లని?

హుద్‌హుద్_పిల్ల | మార్చి 29, రాత్రి 10:31

పిన్నిగారూ, మీ బాధ మీకు తెలుసు, మీ చాలీసా మిమ్మల్ని నిలబెట్టింది, కాదనను. నా సంగతి చెబుతాను, వినండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకు 15 ఏళ్లు, విశాఖలో ఉన్నాం. హాల్లో కిటికీ అద్దం పగిలి తాతయ్య మెడ మీద పడింది. నేను చున్నీతో అదిమి పట్టుకున్నాను. బయట చెట్లు పడిపోయి దారి లేదు, ఫోన్లు లేవు. ఆయన నా చేతుల్లోనే చల్లబడిపోయారు.

తర్వాత ఆరేళ్లు నేను మంచి మార్కులతో పాసైన 'ధైర్యం గల పిల్ల'ని. గాలి వీస్తే బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని, అక్కడ కిటికీ ఉండదు కాబట్టి. ప్రతి అక్టోబరులో జ్వరం. అమ్మ నన్ను సింహాచలం తీసుకెళ్లింది, తలనీలాలు ఇచ్చాను. గుడిలో ఉన్నంతసేపూ హాయిగానే ఉండేది. ఇంటికొచ్చి ఫ్యాన్ స్పీడు పెంచితే మళ్లీ మొదలు.

చివరికి ఉద్యోగంలో చేరాక ఒక తోటి ఉద్యోగిని పట్టుబట్టి తీసుకెళ్లింది. పధ్నాలుగు సెషన్లు. నా మందులు రెండేళ్లకి ఆగిపోయాయి, జీవితాంతం ఏమీ మింగలేదు. పెళ్లి చూపుల్లోనే ఆయనకి చెప్పాను. ఇప్పుడు ఆయనే తుఫాను వార్త వస్తే నా పక్కన కూర్చుంటారు. గుడీ మానలేదు. రెండూ చేయొచ్చు పిన్నిగారూ.

మాట_సాయం | మార్చి 30, ఉదయం 7:48

క్లినికల్ సైకాలజిస్టుగా, అంటే మాటలతో చికిత్స చేసే మనిషిగా, పనిచేస్తున్నాను. ఎవరికీ ఇక్కడ చికిత్స చేయలేను కానీ, లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ తలుపు తట్టడానికి భయం తగ్గుతుంది.

అక్కగారూ, వడ్ల వాసన సంగతి రాశారు కదా, మొత్తం జబ్బు అందులో ఉంది. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో చుట్టూ ఉన్న వాసన, చప్పుడు, వెలుతురు అన్నిటినీ మెదడు 'అపాయం' అని గుర్తు పెట్టుకుంటుంది. మామూలు జ్ఞాపకం గతంలా గుర్తొస్తుంది. ఇది మాత్రం ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్టు వస్తుంది. అందుకే ఇంట్లో గుమ్మి పక్కన నిలబడ్డా ఒళ్లు రోడ్డు మీదే ఉంది. భయం వేస్తుంది కాబట్టి అటు వెళ్లడు. వెళ్లడు కాబట్టి 'ఇప్పుడు అపాయం లేదు' అని మెదడుకి తెలిసే అవకాశమే రాదు. చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగిన ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, భయానికి మాత్రం ఇంకాస్త బలం వస్తుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతో చెప్పే 'మర్చిపో' అనే మాట కూడా ఆ చెరువు కట్ట లాంటిదే.

అందుకే దీనికి బాగా పనిచేసే చికిత్సలన్నీ జ్ఞాపకం వైపే నడిపిస్తాయి. ఒంటరిగా కాదు, ఒకేసారి కాదు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో, సాధారణంగా 8 నుంచి 15 సెషన్లలో, ఆ రాత్రిని మొదటి నుంచి చివరి దాకా నోటితో చెప్పిస్తాం. మళ్లీ మళ్లీ. అది రికార్డు చేసి ఇంటి దగ్గర వినమంటాం. తప్పించుకు తిరుగుతున్న వాటిని భయం తక్కువగా ఉన్నదాని నుంచి ఎక్కువ ఉన్నదాని వరకు వరసగా రాసుకుని, ఒక్కొక్కటీ చేయిస్తాం. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అని ఇంకోటి ఉంది, మామూలుగా 12 సెషన్లు. 'నా వల్లే పోయాడు', 'నేను బతకడం తప్పు' లాంటి నమ్మకాలు మనిషిని ఎక్కడ పట్టేశాయో చూసి, వాటిని ఒక్కొక్కటిగా ప్రశ్నించడం అందులో ప్రధానం. మీ తమ్ముడి మాట విన్నాక నాకు మొదట అదే గుర్తొచ్చింది. కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలుచుకునే ఈఎండీఆర్ మూడోది. ఫ్రాన్సీన్ షాపిరో 1987లో మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీతో (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సతో) పాటు దీన్నీ సూచించింది.

మందుల్లో సెర్ట్రలీన్, పరాక్సెటీన్ లాంటివి వాడతారు. నిద్ర మాత్రలా ఆ రాత్రే తేడా తెలియదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలో 'పనిచేయట్లేదు' అని మానేసి మా దగ్గరికి తిరిగి రారు. ఆ మందు మధ్యలో మానిపించకండి.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, మొహమాటపడొద్దు. 'ట్రామాకి ప్రత్యేకంగా చేసే చికిత్స మీరు చేస్తారా, దాని శిక్షణ ఉందా?' అని కూడా అడగండి. 'పాజిటివ్‌గా ఆలోచించు' అని పంపించేస్తే ఇంకొకరిని చూడండి.

కొత్తగా_చేరాను | మార్చి 30, ఉదయం 11:10

ప్రైవేటులో ఒక సెషన్‌కి అంత డబ్బు అందరి దగ్గరా ఉండదు. మాలాంటి వాళ్లు ఏం చేయాలి? ఉద్యోగంలో తెలిసిపోతుందా?

రాత్రి_డ్యూటీ | మార్చి 30, మధ్యాహ్నం 1:30

ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో కూడా చూస్తారు. పెద్దవి కావాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, బెంగళూరులో నిమ్హాన్స్. మందులు ఓపీలోనే ఇస్తారు. థెరపీకి మాత్రం ప్రభుత్వంలో సైకాలజిస్టులు తక్కువ, రద్దీ ఎక్కువ, ఓపిక పట్టాలి. దాచను.

ఉద్యోగం సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. పాలసీ ఉంటే అడగండి.

కార్గిల్_99 | మార్చి 30, రాత్రి 8:44

చెల్లెమ్మా, నేను రిటైర్డ్ హవల్దార్‌ని. 1999లో కొండ మీద నా పక్కనున్నవాడు పోయాడు, నేను మిగిలాను. అంతకంటే దాని గురించి రాయను.

ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి దీపావళి రోజు పొద్దున్నే పొలం వెళ్లి మోటారు గదిలో పడుకునేవాణ్ని. మా అమ్మాయి ఒక్క కాకరపువ్వొత్తి కూడా నాతో కలిసి కాల్చలేదు. అందరూ నాకు కోపం ఎక్కువ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. పేరు తెలిసింది ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌కి బీపీ కోసం వెళ్లినప్పుడు. ఆ డాక్టరమ్మ బీపీ చూసి 'నిద్ర ఎలా ఉంది?' అని అడిగింది. పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

తమ్ముడికి నా మాటగా ఒకటి చెప్పు. యుద్ధం చేసినవాళ్లకి వచ్చే జబ్బే ఇది, పిరికితనం కాదు. మొదటి రోజు డాక్టర్ దగ్గర నేను ఒక్క ముక్క మాట్లాడలేదు, గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చుని వచ్చేశాను. రెండోసారి కూడా అంతే. మూడోసారి వాడి పేరు చెప్పాను. అలా అయినా పర్లేదు.

డల్లాస్_తెలుగు | మార్చి 31, ఉదయం 10:02

ఒక్క విషయం. హైవే మీద ప్రమాదం తర్వాత నేను ఇక్కడ థెరపీకి వెళ్లాను, ఇంగ్లీషులో. ఎంత చెప్పినా ఎవరి కథో చెబుతున్నట్టు ఉండేది. కారు పల్టీ కొట్టేటప్పుడు మా ఆవిడ అరిచింది 'ఏవండీ!' అని. ఆ మాటకి ఇంగ్లీషు ఏముంది? తెలుగు వచ్చిన థెరపిస్టు మా రాష్ట్రంలోనే దొరికాక మొదటి రోజే గొంతు పూడుకుపోయింది, ఆ రోజు నుంచే తేలిక పడటం మొదలైంది. మీ తమ్ముడికి తన యాసలో మాట్లాడగలిగే మనిషిని వెతకండి, కాస్త దూరమైనా సరే.

ఖమ్మం_అక్క | ఏప్రిల్ 9, రాత్రి 10:15

ఎవరికి ఎలా దండం పెట్టాలో తెలియడం లేదు. సెలవు పెట్టి ఊరికి వచ్చాను.

డబ్బాలు నాన్న బాబాయి వాళ్లింటికి చేర్చారు. తమ్ముణ్ని అడిగాను, చెరువు కట్ట మీద కూర్చుని, సూటిగానే. చాలాసేపు నీళ్లలోకి చూసి 'అనిపిస్తది. చేసుకోను గానీ, అనిపిస్తది' అన్నాడు. ఈసారి కోప్పడలేదు. చేయి పట్టుకుని కూర్చున్నాను. అక్కడి నుంచే 14416కి చేశాం. అవతల ఆవిడ తొందరపెట్టకుండా ముప్పావుగంట మాట్లాడింది, వాడు చివరి పది నిమిషాలు ఫోన్ తీసుకున్నాడు.

హవల్దార్ అన్నయ్య రాసింది చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ ఫోన్ తీసుకుని మళ్లీ చదువుకున్నాడు. 'నిద్ర డాక్టర్' అని అబద్ధం చెప్పి తీసుకెళ్దామంది అమ్మ. నేను ఒప్పుకోలేదు, ఉన్నది ఉన్నట్టే చెప్పాను, వచ్చాడు.

సైకియాట్రిస్టు గారు ఇరవై ప్రశ్నల కాగితం ఒకటి నింపించారు. సెర్ట్రలీన్ మొదలుపెట్టి, పాత మాత్ర వారం వారం తగ్గించమన్నారు. తాగుడు గురించి తిట్టలేదు, 'నిద్ర కోసమే కదా?' అని అడిగారు. వాడు తలూపాడు. గురువారం గురువారం సైకాలజిస్టు. ఆమెది సత్తుపల్లి వైపు, మా మాటే మాట్లాడుతుంది.

నాన్నకి భయం, ఇప్పుడు ఇదంతా కెలికితే ఎక్కువవుతుందేమో అని. సైకాలజిస్టు ఆయనకి కూడా అన్నీ విడమరిచి చెప్పింది. బయటికొచ్చాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. బస్టాండులో అన్నాడు, 'తడి వడ్ల మీద పట్టా కప్పి వదిలేస్తే లోపల ఆవిరి పట్టి మొలకలొస్తయి. తీసి ఆరబెట్టాల్సిందే.'

నమ్మకం | ఏప్రిల్ 10, ఉదయం 6:05

తల్లీ, పిల్ల అద్దం సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. ముద్ర పడుతుందని నేను అనకుండా ఉండాల్సింది. మీ తమ్ముడి పేరున రోజూ దీపం పెడుతున్నాను. గురువారం మానకండి.

ఖమ్మం_అక్క | మే 18, రాత్రి 9:40

ఆరు సెషన్లు అయ్యాయి. ఎలా ఉన్నాడో చెప్పమని చాలామంది మెసేజ్ పెట్టారు, తమ్ముడు సరేనన్నాడు కాబట్టి రాస్తున్నాను.

నాలుగో సెషన్‌లో ఆ రాత్రి గురించి చెబుతుంటే సైకాలజిస్టు హెల్మెట్ దగ్గర ఆపిందట. ఇన్నాళ్లూ వాడిని తినేసింది అదే. ఒక్కటే హెల్మెట్ ఉంది, 'నేను పెట్టుకున్నా, వాడికి ఇవ్వలే' అని. 'ఆ హెల్మెట్ నీ తల మీదికి ఎట్లా వచ్చింది, అక్కడి నుంచి మెల్లగా చెప్పు' అందట. చెబుతుంటే గుర్తొచ్చింది. పెళ్లి పందిరి బయట ఆ పిల్లాడే హెల్మెట్ తీసుకుని మావాడి తల మీద పెట్టి, క్లిప్ కూడా తనే పెట్టాడు. 'నడిపేటోడివి నువ్వు' అన్నాడట. ఆ మాట వాడికి ఆరు నెలలుగా గుర్తు లేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు, కానీ పదకొండింటికి లేవలేదు.

శనివారం వాడే వెనక వీధికి వెళ్లాడు. ఆ అబ్బాయి వాళ్లమ్మ, మేం పెద్దమ్మ అంటాం, గడపలో బియ్యం ఏరుతోంది. వాణ్ని చూసి చేట కింద పెట్టేసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. గంట తర్వాత వచ్చాడు.

తాగుడు పూర్తిగా పోలేదు, వారానికి ఒకటి రెండు సార్లు ఉంటోంది. బండి ముట్టుకోలేదు. వరసగా రాసుకున్న కాగితంలో ఈ వారం పని, నాన్నతో వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర వడ్ల రాశి పక్కన నిలబడటం. నిన్న పన్నెండు నిమిషాలు నిలబడ్డాడు. పట్టా అంచు చేత్తో పట్టుకున్నాడట, చెమటలు పట్టాయట, వదల్లేదట.

ఒక్క అనుమానం. మూడు రోజుల నుంచి పీడకలలు మళ్లీ ఎక్కువయ్యాయి. ఇది మామూలేనా? అమ్మ ఈ గురువారం ఆపేద్దామంటోంది.

మాట_సాయం | మే 18, రాత్రి 10:22

మామూలే. జ్ఞాపకాన్ని కదిపే వారాల్లో కొందరికి కలలు పెరుగుతాయి, చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఆపాలనిపించేది సరిగ్గా ఈ దశలోనే. కలల సంగతి సైకాలజిస్టుకి తప్పకుండా చెప్పమనండి, కావాలంటే వేగం తగ్గిస్తుంది. చచ్చిపోవాలనే మాట మళ్లీ వస్తే మాత్రం గురువారం దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.

ఖమ్మం_అక్క | మే 18, రాత్రి 10:41

ఆ మాట అడిగాను, లేదన్నాడు. అమ్మకి చదివి వినిపించాను. గురువారం పదిన్నర బస్సుకి వెళ్తున్నాం. ఇన్నాళ్లూ రోడ్డు కనబడకుండా నడవా వైపు సీట్లో కూర్చునేవాడు. ఈసారి కిటికీ పక్కన కూర్చుంటానన్నాడు.